రోగిని వెదకికొనిపోవు వైద్యము

(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



 సుబ్బారావుగారి జీవితకథ మీకు క్రొత్తది కాదు. 1895లో భీమవరమున జన్మించి, సోదరు లిరువురిని స్ప్రూ వ్యాధికి పోగొట్టుకొని, తానును ఆ వ్యాధివాత పడి బ్రతికి బయటపడి, సముద్రములు దాటి హార్వర్డులో ఫిస్కె పండితునితో కలసి జీవకణములోని శక్తిద్రవ్యమును గుర్తించి, తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఒకదానివెంట నొకటిగా మహౌషధములను వెలికితెచ్చి, 1948లో, ఏబదిమూడవయేట, స్వదేశమును మరల చూడకయే కన్నుమూసిన యా శాస్త్రజ్ఞుని గుణవర్ణన చేయుట నా యుద్దేశము కాదు. ఆయన యౌషధములలో ఒకదానిని ముందు పెట్టుకొని, దానివలన కలిగిన ప్రశ్నను మన కాలపు వ్యాధి యొకదానిపై నిలిపి చూడదలచినాను.

ఆ యౌషధము డైఇథైల్‌కార్బమజీన్. 1947లో హెట్రజాన్ అను పేరుతో లోకమునకు తెలిసినది. బోదకాలు కలిగించు క్రిమిని రక్తములో పట్టి నశింపజేయునది. బోదకా లనగా నేమో గోదావరి మండలములవారికి వర్ణించి చెప్ప నక్కఱలేదు. న్యూయార్కు రాష్ట్రమున పుట్టిన యా మాత్ర, దానిని కనుగొన్నవాని జన్మభూమిలోని పేదయిండ్లకు చేరుటకు దశాబ్దములు పట్టినది. ఆరోగ్యకార్యకర్తలు గడపగడపకు వచ్చి, గర్భిణులను, పసివారిని, మంచమున పడినవారిని విడిచి, తక్కినవారి చేతికి నీళ్లగ్లాసు నిచ్చి, ఎదుట నిలిచి మ్రింగించిన నాడు గాని ఆ యావిష్కారము ప్రజల దేహములలో పనిచేయ నారంభింపలేదు. మందు కనుగొనబడిన దినమునకును, దాని యవసరము గలవాని నోట పడిన దినమునకును నడుమ నున్న దూరమును ఎవరు, ఎట్లు, ఎవరి ఖర్చుతో నడచెదరు? ఇదియే నా ప్రశ్న. దీనికి దీర్ఘకాలిక హెపటైటిస్ సి వ్యాధి చరిత్రమునను, ముఖ్యముగా ఈజిప్టు దేశపు చరిత్రమునను, లోకమున కెల్ల పనికివచ్చు సమాధానము దొరకుచున్నదని నా నమ్మకము.

వ్యాధినిగూర్చి నాలుగు మాటలు. మనలో కాలేయవ్యాధి యనగానే కామెర్లు జ్ఞప్తికి వచ్చును. కన్నులు పచ్చబడుట, పసరుమందు, పథ్యము, మణికట్టుమీద వాత. ఈ వ్యాధిలోని చిక్కంతయు కామెర్లు రాకపోవుటయందే యున్నది. రక్తముద్వారా దేహమున ప్రవేశించిన హెపటైటిస్ సి వైరస్ నూటికి డెబ్బదిమందిలో స్థిరనివాస మేర్పరచుకొనును. ఏర్పరచుకొని, ఏ బాధయు పెట్టక, ఆకలిని చెఱుపక, పొలముపనికిగాని కార్యాలయపు పనికిగాని అడ్డురాక, ఇరువది ముప్పది యేండ్లు కాలేయమును లోలోపల మచ్చలు కట్టించుచుండును. అట్టివారిలో ఇరువదియేండ్లలో నూటికి పదునైదు మొదలు ముప్పదిమందికి కాలేయము గట్టిపడి సిరోసిస్ ఏర్పడును. అప్పుడు గాని పొట్టలో నీరు చేరదు, కాళ్లు వాయవు, నెత్తురు కక్కుకొనుట రాదు; వారిలో కొందఱికి క్యాన్సరు పుట్టును. రోగి వైద్యుని వెదకికొని వచ్చునాటికి వైద్యుడు చేయగలిగినది మిక్కిలి తగ్గిపోయి యుండును.

ఈ వైరస్ ఉనికియే చాలకాలము తెలియలేదు. రక్త మెక్కించుకొన్నవారిలో కొందఱికి, ఎ గాని బి గాని కాని హెపటైటిస్ వచ్చుచున్నదని 1970 దశకమున అమెరికాలో హార్వీ ఆల్టరు, ఆయన సహచరులు నిరూపించిరి. శత్రువు వీడు కాడు, వాడు కాడు అని మాత్రమే తెలిసి, ఎవడో తెలియని యా స్థితి పదునాలుగేండ్లు సాగినది. 1989లో మైకేలు హౌటన్, ఆయనతోడి శాస్త్రజ్ఞులు, వైరస్‌ను కంటితో చూడకయే, దాని జన్యుపదార్థపు శకలమును పట్టుకొని, దానికి హెపటైటిస్ సి అని పేరు పెట్టిరి. ఆ వైరస్ ఒక్కటే వ్యాధికి చాలునని చార్లెస్ రైస్ తరువాత నిర్ధారణ చేసినాడు. ఈ మువ్వురకు 2020లో నోబెల్ బహుమానము లభించినది. రక్తనిధులకు పరీక్ష దొరకినది. కాని మన దేశములో దానముగా వచ్చిన రక్తమున కెల్ల ఈ పరీక్షను తప్పనిసరి చేయుట యీ శతాబ్దారంభమున గాని జరుగలేదు; ఆ నడిమి యేండ్లలో రక్త మెక్కించుకొన్న తలసీమియా పిల్లలు, ప్రసవములో నెత్తురు పోయిన తల్లులు ఎందఱు దీనిని తమకు తెలియకయే ఇంటికి తీసికొనిపోయిరో!

ఇక ఈజిప్టు. నైలునది కాలువలలో నత్తలు గలవు. ఆ నత్తలనుండి వెలువడు సూక్ష్మక్రిమి, మడిలో కాలు పెట్టిన రైతు చర్మమును తొలుచుకొని లోపల చేరును. 1851లో కైరోలో పనిచేయుచున్న జర్మను వైద్యుడు బిల్‌హార్జు దీనిని కనుగొన్నందున ఆ దేశస్థులు దీనిని బిల్‌హార్జియా యందురు. మూత్రములో నెత్తురు, ఉబ్బిన ప్లీహము, కాలేయపు చేటు: ఫారోల కాలమునుండి ఆ రైతులకు వంశపారంపర్యముగా వచ్చుచున్న బాధ యిది. అరబ్బు లోకమంతయు గోధుమవన్నె కోకిల యని మురిసిపోయిన గాయకుడు అబ్దుల్ హలీమ్ హఫీజ్ సైతము బాల్యమున కాలువనీటిలో తగులుకొన్న యీ వ్యాధి కాలేయమును చెఱుపగా, 1977లో లండనులో, నలుబదియెనిమిదేండ్లైన నిండకమునుపే మరణించినాడు. ఇట్టి వ్యాధికి 1918లో ఖార్టూములో క్రిస్టఫర్సన్ అను వైద్యుడు, టార్టార్ ఎమెటిక్ అను అంజనలవణమును నరములోనికి ఎక్కించినచో క్రిమి చచ్చునని చూపినాడు. ప్రభుత్వము దానిని అందిపుచ్చుకొన్నది. 1950 దశకము మొదలు 1980 దశకారంభమువరకు, అంతర్జాతీయ సంస్థల యామోదముతో, ఊరూర శిబిరములు వేసి లక్షలమంది రైతులకు, వారి పిల్లలకు, ఒక్కొక్కరికి పదికి తగ్గని సూదులు చొప్పున ఈ మందు నెక్కించిరి.

ఆ శిబిర మెట్లు నడిచెనో చూచినవారు వ్రాసి పెట్టియున్నారు. ఉదయము తొమ్మిది దాటిన పిదప పని మొదలు పెట్టిన యొక నేర్పరియగు వైద్యుడు, గంటయైన తిరుగకమునుపే, ఆడ మగ పిల్ల యనక అయిదువందలమందికి పైగా నరము దొరకబుచ్చుకొని మందెక్కించెనట! వాడిన గాజు సిరంజి యొక పళ్లెములో పడును. నర్సు దానిని కడుగును. మరుగు నీటిలో ఒకటి రెండు నిమిషములు ముంచును. మరల రెండవ పళ్లెములోనికి వచ్చును. మరల మరియొకని చేతినరములోనికి పోవును. చూచినవా రాశ్చర్యపడి మెచ్చుకొన్న పనితన మిది! ఆ వైద్యుని మీద గాని, ఆ నర్సు మీద గాని దోషము మోపుటకు నాకు మనసొప్పదు. ఆ కాలమున ఆ వైరస్ ఉన్నదని భూమిమీద నెవరికిని తెలియదు. ఐనను జరిగిన దేమి? ప్రాణము నిలుపుటకు రాజ్యము చేసిన మహాప్రయత్నమే, ప్రపంచములో మరి యే దేశమునను లేనంతగా హెపటైటిస్ సిని ఆ జనములో నాటినది. బిల్‌హార్జియాకు నోటి మాత్ర ప్రజిక్వాంటెల్ వచ్చి సూదులు నిలిచిపోయినను, అప్పటికే రక్తమున చేరినది చేరినట్లే నిలిచినది. 2008లో దేశవ్యాప్తముగా రక్తపరీక్షలు చేయగా, పదునైదు మొదలు ఏబదితొమ్మిదేండ్లలోపువారిలో నూటికి దాదాపు పదునైదుగురికి ఆ వైరస్ సోకిన గుఱుతు కనబడెను. వయస్సు పెరిగినకొలది, నైలు డెల్టా పల్లెలలోనికి పోయినకొలది, ఆ సంఖ్య పెరుగుచు పోయెను.

అప్పటి చికిత్స ఇంటర్‌ఫెరాన్. వారమున కొక సూది, దానితోడ దినదినము రైబావిరిన్ మాత్రలు, నలుబదియెనిమిది వారములు. సూది పడిన రాత్రి వణకించు జ్వరము, ఒడలినొప్పులు, జుట్టు రాలుట, రక్తహీనత, అన్నిటికంటె దారుణముగా మనసు క్రుంగిపోవుట. ఇంత యోర్చిన పిమ్మట, ఈజిప్టులో ప్రబలిన నాల్గవ జాతి వైరస్‌కు, ఇంచుమించు సగముమందికే గుణము. మన దేశములోనైతే ఆ యేడాది చికిత్సకు లక్షలు కావలసి వచ్చి, పొలము తాకట్టు పెట్టి మొదలుపెట్టినవారు సగములో మానుకొనుట వైద్యులమందఱము చూచినదే. మానుకొన్నవానికి రోగమును మిగిలెను, అప్పును మిగిలెను.

2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన సోఫాస్‌బువిర్ ఈ స్థితిని తలక్రిందులు చేసినది. ఈ మందు పనిచేయు తీరులో సుబ్బారావుగారిని స్మరింపదగిన విశేషము కలదు. ఆయనయు ఫిస్కెయు 1929లో ప్రకటించిన ఎ.టి.పి. మూడు ఫాస్ఫేటుల తోక గలది. కణములో శక్తివినిమయము ముఖ్యముగా ఆ తోకతో జరుగును. సోఫాస్‌బువిర్ కాలేయకణములో ప్రవేశించి, తన పైతొడుగును విడిచి, అట్టి మూడు ఫాస్ఫేటుల తోకనే ధరించి, వైరస్ తన ప్రతిని వ్రాసికొనుటకు వాడుకొను అక్షరములలో ఒకదానివలె నటించును. వైరస్ దానిని నమ్మి గొలుసులో గ్రుచ్చుకొనును. అంతటితో గొలుసు తెగును. హెపటైటిస్ బి వైరస్ వలె కణపు గర్భములో దాగికొనుటకు దీనికి చోటు లేదు. కావున ప్రతి వ్రాయుట నిలిచిపోయినచో వైరస్ సమూలముగా పోవును. దీనికి జోడుగా డక్లాటాస్విర్ వంటి మరియొక మాత్ర నిచ్చినచో, పన్నెండు వారములలో, నూటికి తొంబదియైదుగురికి అటునిటుగా పూర్తి స్వస్థత. దీర్ఘకాలిక వైరస్ వ్యాధులలో మందుతో సమూలముగా నశించునది యిప్పటికి ఇదియొక్కటే.

ధర యేమి? అమెరికాలో తొలుత మాత్ర యొక్కంటికి వెయ్యి డాలర్లు. ఎనుబదినాలుగు మాత్రలకు ఎనుబదినాలుగువేలు. కనుగొన్న చిన్న కంపెనీని గిలియడ్ అను పెద్ద కంపెనీ వెయ్యికోట్ల డాలర్లకు మించిన వెలకు కొన్నదనియు, ఆ సొమ్ము రాబట్టుకొనవలెననియు సమర్థించినవారు కలరు. ఆ దేశపు సెనేటు సంఘమే విచారించి, రోగుల యందుబాటుకంటె రాబడికే ధరనిర్ణయములో ప్రాధాన్యమిచ్చిరని 2015లో తేల్చినది. లివర్‌పూలు విశ్వవిద్యాలయపు పరిశోధకులు లెక్కకట్టగా, ఆ పన్నెండు వారముల మందు పెద్దయెత్తున తయారుచేయుటకు నూటముప్పదియాఱు డాలర్లకు మించదని 2014లోనే తేలెను. తయారీవెలకును అమ్మకపు వెలకును ఇంతటి యంతరము గల వస్తువు మరి యొకటి నాకు తోచుట లేదు.

ఈజిప్టు ప్రభుత్వము బేరమాడినది. లక్షలకొలది రోగులు మా దేశమున నున్నారని చూపి, 2014లో మొత్తము చికిత్సకు తొమ్మిదివందల డాలర్లకు ఒప్పించుకొన్నది. తరువాత ఆ దేశమున పేటెంటు అడ్డు రాకపోవుటచేత స్థానిక కంపెనీలే మందు చేయ మొదలిడినవి. పోటీ పెరిగి ధర వందలోపునకు దిగెను. ఇట మన కథ వేఱు. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు, నూటికి ఏడు రాయల్టీపై, తొంబదియొక్క పేదదేశములలో అమ్ముకొనుటకు లైసెన్సు లిచ్చినది; వానిలో హెటెరో, మైలాన్ లాబరేటరీస్ హైదరాబాదువే. ఈ యొప్పందమును ఉదారమని పొగడినవారును, పేటెంటుపై పోరాటమును చల్లార్చుటకై వేసిన ఎత్తు అని విమర్శించినవారును గలరు. పేటెంటు దరఖాస్తును భారత కార్యాలయము 2015 జనవరిలో త్రోసిపుచ్చగా, ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము మరల విచారింపుమని పంపగా, 2016 మే మాసమున పేటెంటు లభించినది. పేటెంటును మొదట ఎదిరించిన హైదరాబాదు కంపెనీ నాట్కో తరువాత తానే లైసెన్సు పుచ్చుకొని, 2015 మార్చిలో నేపాలములో తన మాత్రను ప్రవేశపెట్టినది. లైసెన్సుపట్టికలో లేని మధ్యతరగతి దేశములు మాత్రము రెండిటికిని చెడినవి. మలేషియా 2017లో ప్రభుత్వోపయోగపు టధికారమును ప్రయోగించి తన దారి తాను చూచుకొన్నది. ధనికదేశముల రోగులు సైతము విమానమెక్కి మన దేశపు మందుల దుకాణములకు వచ్చి సీసాలు కొనిపోయినారు. హైదరాబాదు పరిసరములలోని పారిశ్రామికవాడలలో రసాయనపు వాసనను నిత్యము తిట్టుకొనుచు ముక్కు మూసికొని పోవు మనము, ఆ కర్మాగారముల నుండియే ఎన్ని దేశముల కాలేయములకు రక్ష వెడలినదో తలచుట తక్కువ. వాసనమీది ఫిర్యాదును న్యాయమైనదే యనుకొనుడు.

ధర తగ్గినది. ఇంతటితో కథ ముగియవలసినదికదా? ఈజిప్టు ప్రభుత్వమును అట్లే యనుకొన్నదేమో. 2014లో ఇంటర్నెటులో పేర్లు నమోదు చేసికొనుడనగా లక్షలమంది ఎగబడిరి. చికిత్సాకేంద్రములముందు వరుసలు కట్టిరి. దేశమంతట మందు చవుకయై, వైద్యులు శిక్షితులై, పని ఉధృతముగా సాగినది. 2016 నడుమకు వచ్చుసరికి వరుస తరిగి, కరిగి, మాయమైనది. నిరీక్షణపట్టిక ముగిసినదని మంత్రిత్వశాఖ ప్రకటించినది. రోగము ముగిసినదా? లేదు. తమకు రోగమున్నదని ఎఱిగినవారు మాత్రము ముగిసిరి. ఎఱుగనివారు, అనగా పొలములో పనిచేయుచున్నవారు, పిల్లల పెండ్లిండ్లు చేయుచున్నవారు, రోగలక్షణ మొక్కటియు లేనివారు, లక్షలకొలది అట్లే మిగిలియుండిరి. బీరువాలో మందున్నది, కుర్చీలో వైద్యుడున్నాడు, వాకిట రోగి లేడు. నే నీ యుపన్యాసమున కెంచుకొన్న విషయ మంతయు ఈ ఖాళీవాకిటియందే యున్నదని నా భావము. పేదదేశపు వైద్యమునకు మొదటి గండము ధర. కాని ధర గండమును దాటినవారు రెండవదానిని ఎదుర్కొనక తప్పదు.

అప్పుడు ఆ ప్రభుత్వము చేసిన పని సామాన్యము కాదు. 2018 అక్టోబరు మొదలు 2019 ఏప్రిలు వరకు, ప్రపంచబ్యాంకు అప్పుతోడ్పాటుతో, పదునెనిమిదేండ్లు నిండినవారి నందఱిని పరీక్షించుటకు పూనుకొన్నది. ఆసుపత్రులు, ఆరోగ్యకేంద్రములు మాత్రమే కాదు. మసీదులు, చర్చిలు, రైలుస్టేషనులు, కర్మాగారములు, సంచారవాహనములు. గుర్తింపుకార్డు చూపుట, వ్రేలికొనను పొడిచి చుక్కనెత్తురు తీయుట, నిమిషములలో ఫలితము. ఒక్క హెపటైటిస్‌కే పిలిచిన జనము జంకుదురని రక్తపుపోటు, చక్కెర, బరువు కూడ చూచిరి. ఈ యుపాయమునకు నేను ప్రత్యేకముగా నమస్కరించుచున్నాను, ఏలయన సిగ్గు గొలుపు రోగమునకు పరీక్ష చేయించుకొనుటకంటె బి.పి. చూపించుకొనుట ఎవరికైనను తేలిక. ఏడు నెలలలో 4 కోట్ల 96 లక్షలమంది పరీక్షింపబడిరి. వారిలో ఇరువదిరెండు లక్షలమందికి సోకిన గుఱుతు కనబడగా, రెండవ పరీక్షలో దాదాపు నాలుగింట మూడువంతులవారికి వైరస్ ఇంకను రక్తములో నున్నట్లు తేలినది. చికిత్స పొంది ఫలితము తెలిసినవారిలో నూటికి తొంబదియెనిమిదిమందికి పైగా స్వస్థులైరి.

వ్యయమును చూడుడు. మొదటి పరీక్షకు డాలరుకంటె తక్కువ, రెండవదానికి అయిదు డాలర్లలోపు, మందునకు ఏబదిలోపు. వెదకుట, నిర్ధారించుట, బాగుచేయుట అన్నియు కలిపి మొత్తము సుమారు 20 కోట్ల 70 లక్షల డాలర్లు. ఆ మొత్తముతో, అమెరికాలో తొలినాటి వెలకు మందు మాత్రము కొనినచో, రెండువేల అయిదువందల మందికైన చాలదు. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈజిప్టును నిర్మూలనమార్గమున స్వర్ణశ్రేణి నందిన మొదటి దేశముగా గుర్తించినది. నూటికి పదిమందికి ఉన్న వ్యాధి పదియేండ్లకు కొంచె మధికమైన కాలములో నూటికి 0.38కి దిగినది. సైనికప్రభుత్వపు ఆజ్ఞాబలముతో జరిగినదని కొందఱు ఈ విజయమును తక్కువచేయుదురు. ఆజ్ఞాబలము కొంత పనిచేసియుండును. కాని సూదితో రోగము నంటించినది రాజ్యమే. వెదకి మాన్పవలసిన ఋణము రాజ్యముపై నున్నది. ఆ ఋణమును పూర్తిగా తీర్చుటకు పూనుకొన్న ప్రభుత్వములు అరుదు.

మన దేశమున పంజాబు ఈ పనికి ముందడుగు వేసినది. 2016 జూనులో మొదలైన యా రాష్ట్ర పథకములో, చండీగఢు స్నాతకోత్తర వైద్యసంస్థ నిపుణులు జిల్లా ఆసుపత్రుల సామాన్యవైద్యులకు శిక్షణ నిచ్చి, కాలేయపు గట్టితనమును కొలుచు ఖరీదైన యంత్రమునకు బదులు మామూలు రక్తపరీక్షల సంఖ్యలతోనే సిరోసిస్‌ను అంచనా వేయు పద్ధతి నేర్పి, ఇరువదిరెండు జిల్లాకేంద్రములలో ఉచితముగా మందిచ్చిరి. రెండేండ్లలో దాదాపు నలుబదియెనిమిదివేలమంది చేరిరి. మందు ముగించి పన్నెండు వారముల తరువాత పరీక్షకు వచ్చినవారిలో నూటికి తొంబదియొక్కరికి పైగా వైరస్ లేదు. వచ్చినవారిలో, అని గమనింపుడు. రానివారు చాలమంది. బాగుపడినామని తోచినవాడు మరల బస్సుచార్జి పెట్టుకొని ఆసుపత్రి గడప ఎందుకు త్రొక్కును? పత్రికలలో ప్రకటింపబడు శాతములను చదువునప్పుడు క్రింద నున్న యీ రానివారిని కూడ చదువుకొనవలెను. 2018 జూలై 28న జాతీయస్థాయిలో ఉచితచికిత్సాపథకము ఆరంభమైనది. మన తెలుగు రాష్ట్రములలోను అది యున్నది.

పరీక్షలనుగూర్చి చెప్పవలసిన దొకటి మిగిలినది. జగిత్యాల ప్రాంతమునుండి యొక యువకుడు నా యొద్దకు వచ్చినాడు. గల్ఫు పనికై వైద్యపరీక్షకు పోయి, ఈ వైరస్ కలదని తేలి, వెనుకకు పంపబడి, మూడు నెలలు మాత్రలు మ్రింగి, స్వస్థుడై, మరల ఉత్సాహముతో పరీక్షకు పోయినవాడు. చేతిలో మడతలు పడిన యొక కాగితము. దానిమీద ఎఱ్ఱసిరాతో అనర్హుడని ముద్ర. “సార్, జబ్బు పోయిందని మీరే రాసిచ్చిన్రు. గీళ్లేమొ మల్ల ఉన్నదని రాసిన్రు. ఏజెంటుకు కట్టిన పైసలు ఎట్ల సార్?” అని యడిగినాడు. వైద్యము నాకు తెలియును గాని ఏజెంటు నుండి పైసలు రాబట్టు విద్య తెలియదు. జరిగిన దేమన, మొదటి పరీక్ష వైరస్‌ను చూడదు. వైరస్‌తో దేహము పోరాడిన గుఱుతును చూచును. ఆ గుఱుతు రోగము పోయినను పోదు. జీవితాంతము రక్తమున నిలిచియుండును. వైరస్ ఉన్నదా లేదా యని చెప్పునది పి.సి.ఆర్. పరీక్ష. ఆ వీసాపరీక్షాకేంద్రము మొదటిదానితోనే తీర్పు చెప్పినది. వాని పి.సి.ఆర్. ఫలితమును జతపరచి లేఖ వ్రాసి యిచ్చినాను. వారు దానిని చూచిరో లేదో నాకు మరల వినబడలేదు. ఉద్యోగము పోవునన్న భయము, సంబంధము తప్పునన్న భయము ఇట్లున్నంతకాలము, పరీక్షకు రమ్మన్న ఎవడు వచ్చును? రోగిని వెదకుటకు బయలుదేరువారు మొదట ఈ భయమును దారినుండి తొలగింపవలెను.

కుండకు చిల్లి యుండగా ఎంత నీరు పోసిన నేమి? ప్రపంచములో 2022 నాటికి ఈ వ్యాధి గలవారు సుమారు అయిదు కోట్లు. ఏటేట క్రొత్తగా తగులుకొనువారు పదిలక్షలు. మాన్పుమందు వచ్చి ఇన్నేండ్లైనను ఆ యొక్క సంవత్సరములోనే మరణించినవారు రెండులక్షల నలుబదివేలకు పైబడిరి. నేడు రోగు లధికముగా నున్నది పాకిస్తానులో. ఎనుబదియెనిమిది లక్షలని ప్రపంచ ఆరోగ్యసంస్థ యంచనా. అచట సోఫాస్‌బువిర్ చవుక. మందు స్వదేశములోనే తయారగుచున్నది. ఐనను సంఖ్య తగ్గదు. ఏలయన జ్వరమునకు సూది, నీరసమునకు సూది, దగ్గునకు సూది. వాడిన సూదియే మరల వాడుక. సింధురాష్ట్రమున రతోడెరో అను చిన్నపట్టణమున 2019లో వందలాది పసిపిల్లలకు హెచ్.ఐ.వి. సోకుట బయటపడి, దానికి ఇట్టి సూదులే మూలమని తేలినప్పుడు లోకము నివ్వెఱపోయినది. అదే సూది హెపటైటిస్ సిని ఎప్పటినుండియో మోయుచున్నది. అయితే అది పిల్లలను వెంటనే మంచము పట్టింపదు గనుక ఎవరును నివ్వెఱపోలేదు.

పరదేశపు కథ చెప్పి మనము చేతులు కడుగుకొనుటకు వీలు లేదు. సూది పడితే గాని జ్వరము తగ్గదను మాట మన పల్లెలలో వినని వైద్యుడు లేడు. సెలైను పెట్టని ఆర్.ఎం.పి. వైద్యుని, హస్తవాసి లేనివాడని జనము విడిచిపోదురు. మాత్ర వ్రాసి పంపిన చదువుకొన్న వైద్యుని, “ఏమీ చూడలేదండీ, సూది కూడా వెయ్యలేదు” అని నిందింతురు. సిరంజి ప్లాస్టికుదై, కవరు చింపి తీసినదే యైనను, మందుసీసాలో మరల మరల పొడిచిన సూది, పలువురికి పంచిన సీసా, డయాలసిస్ యంత్రముల చెంత మార్చని చేతితొడుగు వైరస్‌కు చాలును. ఒకసారి నొక్కిన పిమ్మట మరల పనిచేయక తనంత తాను బిగిసిపోవు సిరంజి లున్నవి. పిల్లల టీకాలకు మన ప్రభుత్వమే వానిని వాడుచున్నది. టీకాకు పనికివచ్చినది జ్వరపు సూదికి ఏల పనికిరాదో అధికారులను పలుమారు అడిగితిని. ధర కొన్ని పైసలు హెచ్చన్న మాటయే సమాధానముగా వినబడినది.

చివరి మాట జిల్లా ఆసుపత్రినిగూర్చి. ఇప్పటి మన పద్ధతిలో తఱచుగా జరుగున దిది: మొదటి పరీక్షలో గుఱుతు కనబడినవానిని, పి.సి.ఆర్. కొఱకు మరియొక దినము రమ్మందురు. ఆ దినమున నమూనా తీసి వేఱు ఊరి ప్రయోగశాలకు పంపుదురు. ఫలితమునకు ఇంకొక దినము రమ్మందురు. మందునకు మరియొక దినము. కూలి విడుచుకొని ఇన్ని మారులు తిరుగువాడు అరుదు. నడుమ జారిపోవువాడు ఆరోగ్యవంతునివలెనే కనబడును గనుక వానిని తిరిగి పిలిచి తెచ్చువారును లేరు. మొదటి పరీక్షలో గుఱుతు కనబడినచో, అదే దినమున తీసిన నెత్తురులోనే, రోగిని మరల పొడువక, మరల పిలువక, పి.సి.ఆర్. కూడ చేయించి, వైరస్ ఉన్నవానికి ఆ ఫలితముతోపాటు మొదటి నెల సీసాను చేతికిచ్చి పంపునట్లు ఏర్పాటు చేయవచ్చును. క్షయకై మన జిల్లాలకు తెచ్చిన జీన్‌ఎక్స్‌పర్టు యంత్రములే, లోపలి గుళిక మార్చినచో, ఈ పరీక్షయు చేయగలవు. యంత్రము లున్నవి, మందు ఉన్నది, మందునకు కేటాయించిన ధనమును ఉన్నది. క్షయశాఖవారి యంత్రమును హెపటైటిస్ శాఖవారు వాడుకొనుటకు ఎవరి సంతకము కావలెనో తేల్చుకొనుట మాత్రము పెక్కుచోట్ల మిగిలియున్నది.